ఒకటో నంబరు గౌను

మార్చి 4

ఇవాళ ఒకటో నంబరు గౌను ఆ అమ్మాయి భుజం మీంచి జారిపోయింది.

లేబుళ్ళు తారుమారు చేసి ఉంటాను. అంతే అయ్యుంటుంది. ఇరవై ఏళ్ళుగా సినిమాలకి బట్టలు చూస్తున్నాను. అయినా నా మీద నాకు నమ్మకం ఎప్పుడేడ్చింది కనక? బయటికి వచ్చి తాళం వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళే మనిషిని. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవాలంటే మొదటినుంచీ రాసుకోవడం మంచిది. ఎం.ఏ. అయిపోయాక డైరీ ముట్టుకోవడం ఇదే.

కథానాయిక గౌను బూడిద రంగు ఉన్నిది. మూడు కుట్టించాను. చూడ్డానికి మూడూ ఒకటే. అదే మెడ, అవే పద్నాలుగు గుండీలు, అదే పైపింగు. ఒకటో నంబరు ఆమె ఒంటికి అతికినట్టు ఉంటుంది. రెండోది నడుం దగ్గర రెండు వేళ్ళు వదులు, భుజం కాస్త వెడల్పు. మూడోది ఇంకా పెద్దది. చేతులు మణికట్టు దాటి వేళ్ళ మీదికి వస్తాయి. మెడ పట్టీలో పిడికిలి పడుతుంది. ఈ సినిమాకి ఆధారమైన పాత నవలలో ఆ ఇల్లాలు ఒక్క చలికాలంలో చిక్కి చిక్కి ప్రాణం వదులుతుంది. తెర మీద మనిషి చిక్కిపోవాలంటే మనిషిని మాడ్చక్కర్లేదు, బట్టని పెంచితే చాలు. మా పనిలో పాత కిటుకు ఇది. చూసేవాళ్ళు గౌను పెరిగిందనుకోరు, మనిషి తరిగిందనుకుంటారు.

ఇవాళ తీసింది ఆమె ఇంకా ఆరోగ్యంగా ఉన్నప్పటి సీను. కొత్త పెళ్ళికూతురు ఆ పెద్దింటి మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి నవ్వాలి. దానికి ఒకటో నంబరు వేయాలి. ఒకటో నంబరే వేశాను. నాలుగో మెట్టు మీద భుజం జారింది. వీపు వైపు ఆరు గుండుసూదులు గుచ్చి నెట్టుకొచ్చాం.

"ఏంటక్కా, మూడోది తగిలించారా నాకు?" అని నవ్వింది.

అదే అయ్యుంటుంది.

మార్చి 5

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి, బల్ల మీద మూడు గౌన్లూ పరిచి, లేబుళ్ళు విప్పి, కుట్టు కుట్టుకీ కొలిచాను. కటింగ్ మాస్టర్ వచ్చేసరికి నేను నేల మీద కూర్చుని ఉన్నాను. నవలలు చదవడం యూనివర్సిటీలో నేర్చుకున్నాను గానీ బట్టని చదవడం నేర్పింది ఈయనే. కళ్ళద్దాలకి దారం కట్టుకుని మెడలో వేలాడేసుకుంటాడు. నా సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఆయన మళ్ళీ కొలిచాడు.

"ఒకటి ఒకటే, రెండు రెండే, మూడు మూడే. ఎక్కాలు అప్పజెప్పినట్టుంది కదమ్మా?"

"ఉతుకులో సాగిందేమో మాస్టర్."

"ఉన్ని ఉతికితే కుంచించుకుపోతుందమ్మా. సాగే ఉన్ని ఎక్కడైనా దొరికితే చెప్పండి, రెండు గజాలు కొనుక్కుంటాను. నా పొట్టకి పనికొస్తుంది."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన అద్దాల పైనుంచి నన్ను ఒకసారి చూశాడు. నోటితో దారం తెంపుకుని మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

మార్చి 6

టేపు సాగి ఉంటుంది. పాతబడిన గుడ్డ టేపులు సాగుతాయి. కొత్తది తెచ్చాను.

మార్చి 9

కొత్త టేపుతో ఆమెను కొలిచాను. చేతులు పైకెత్తి, "గిలిగింతలక్కా, త్వరగా కానివ్వండి" అని మెలికలు తిరిగింది. కొలతల పుస్తకంలో రాయబోతే చెయ్యి రాలేదు. టేపు బిగించి పట్టుకున్నానేమో అనిపించింది. ఒక అంగుళం కలిపి రాశాను. రాసిన తర్వాత అదే నిజమేమో అనిపించింది కూడా.

ఈ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. పెద్ద పాత్ర ఇదే మొదటిది. జనవరిలో మొదటి ట్రయల్‌కి వచ్చినప్పుడు మాస్టర్ భోజనం డబ్బాలో సగం లాగించేసింది. ఆయన అక్కడికక్కడే 'బకాసురి' అని పేరు పెట్టాడు. ఆ రోజు ఎంత నవ్వుకున్నామో. నవల జరిగే కాలంలో టేపులు లేవనీ, ఒక్కో మనిషికీ ఒక్కో కాగితం పట్టీ ఉండేదనీ, అంకెలు లేకుండా నడుం దగ్గర ఒక గాటు, ఛాతీ దగ్గర ఒక గాటు కత్తెరతో పెట్టుకునేవారనీ చెప్పాను. చేసి చూపించాను కూడా. మందపాటి కాగితం పట్టీ ఆమె నడుం చుట్టూ తిప్పి, చివర కలిసిన చోట గాటు పెట్టాను. "ఇదిగో, నువ్వంటే ఇదే" అన్నాను. మురిసిపోయింది. గుడ్డ పడే తీరు గురించి ఏదో మాట్లాడుకున్నాం. పట్టీ నాకిచ్చేయరూ అంటే ఇచ్చేశాను.

సరదాగా గడిచిన రోజది.

మార్చి 11

డైనింగ్ హాలు సీను. బారెడు పొడుగు బల్ల, అటు చివర భర్త, ఇటు చివర ఈమె, మధ్యలో ఆరు కొవ్వొత్తుల స్టాండ్లు. ఆమె తినాలి. పన్నెండు టేకులు. ఇష్టంగా తింది, చక్కగా తింది. మానిటర్ దగ్గర నిలబడి చూస్తే నా ప్రాణం లేచొచ్చింది. చూశావా, అనవసరంగా బెంగపడ్డావు అని నన్ను నేనే తిట్టుకున్నాను.

సాయంత్రం బట్టలు సర్దుతుంటే లోపలి జేబు బరువుగా తగిలింది. ఆ కాలం ఆడవాళ్ళు గౌను కింద నడుముకి నాడాతో ఒక గుడ్డ జేబు కట్టుకునేవారు. కెమెరాకి అది కనపడదు. కనపడని చోట కూడా నిజం ఉండాలని నేనే పట్టుబట్టి కుట్టించాను. అందులో నలిగిన బ్రెడ్డు ముక్కలు, ఉడికిన బంగాళాదుంప, చేతిరుమాల్లో చుట్టిన మాంసం ముక్క. పన్నెండు టేకులదీ ఉంది.

టేకు టేకుకీ మింగాలంటే ఎవరి కడుపు మాత్రం పడుతుంది? నటులందరూ ఏదో ఒక ఉపాయం చేస్తారు. కొందరు బకెట్లో ఉమ్మేస్తారు. ఈమె కాస్త నాగరికంగా జేబులో వేసుకుంది.

"జేబులో తిండి పెట్టకు, ఎలుకలొస్తాయి" అని చెప్పాను.

"సారీ అక్కా."

ఎలుకల గురించి మాత్రమే చెప్పాను.

మధ్యాహ్నం మాస్టర్ డబ్బా విప్పి, "రావమ్మా బకాసురీ, చెరి సగం" అన్నాడు. "ఇప్పుడే తిన్నాను మాస్టర్" అంది. ఆయన ఒక్క క్షణం చూసి, తను కూడా తినకుండా మూత పెట్టేశాడు.

మార్చి 13

ఆ అమ్మాయి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. నంబరు ఎవరిచ్చారో తెలీదు.

"మీరేనా అమ్మా, మా పిల్లకి బట్టలు చూసేది? రోజూ మీ మాటే. అక్క ఇలా అంది, అక్క అలా అంది అని."

"చెప్పండి."

"ఏం లేదులే. వీడియో చేస్తే ముఖం చూపించదు. గోడ చూపిస్తుంది, కిటికీ చూపిస్తుంది. నాకు నిద్రపట్టడం లేదు. తింటోందా అమ్మా అసలు?"

"తింటోందండీ."

"మీరు కళ్ళారా చూస్తున్నారుగా."

"చూస్తున్నానండీ."

"హమ్మయ్య. మీరున్నారు, ఇంక నాకు బెంగ లేదు."

నేను అబద్ధం చెప్పలేదు. మొన్న పన్నెండు సార్లు నోట్లో పెట్టుకోవడం నా కళ్ళతో చూశాను.

మార్చి 14

వాళ్ళమ్మకి మళ్ళీ ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తీశాను. ఏమని చెప్పను? మీ అమ్మాయి గౌను వదులైందనా?

మార్చి 16

కార్సెట్ సంగతి రాయాలి. రాయకపోతే నా తలలో అది కూడా మారిపోతుంది.

కార్సెట్ అంటే గౌను కింద నడుముకి తొడిగే బిగుతు బట్ట, వెనక తాళ్ళతో బిగిస్తాం. రెండు అంచులూ ఎప్పుడూ కలవకూడదు, మధ్యలో నాలుగు వేళ్ళ సందు ఉండేలా కత్తిరిస్తాం. బిగించడానికి ఆ సందు ఉండాలి. జనవరిలో నా నాలుగు వేళ్ళూ సరిగ్గా పట్టాయి. ఇవాళ తాళ్ళు లాగుతుంటే అంచులు దగ్గరకొచ్చి, ఒకదాన్నొకటి తాకి, ఆగిపోయాయి. ఇంక లాగడానికి ఏమీ లేదు.

"ఇంకొంచెం బిగించండక్కా."

"ఇంక లేదమ్మా."

"ఒక్క పిసరు."

"లేదు. కలిసిపోయాయి."

అద్దంలో ఆమె ముఖం చూశాను. భయం ఉంటుందనుకున్నాను. మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల ముఖంలా ఉంది. మెడ వెనక గుండీలు పెడుతుంటే కాలరు నిండా రాలిన జుట్టు. చేతులు మంచుగడ్డలు. మేకప్ కింద చెంపల మీద సన్నటి నూగు, చిన్నపిల్లలకి ఉండేలాంటిది.

లంచ్ టైములో డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. మంచివాడే. సెట్లో ఎవరి మీదా అరవడు.

"ఆ అమ్మాయి బాగా చిక్కిపోతోందండీ."

"అవును మేడమ్! చూశారా మీరు కూడా? చెంప మీద పక్కనుంచి లైటు పడితే ఆ గుంట ఎలా వస్తోందో! మేకప్‌తో చస్తే రాదు."

"కాదండీ, నాకు భయంగా ఉంది. ఒకటో నంబరు గౌను మూడోదానిలా వేలాడుతోంది."

"మరింకేం, మీకు పని తగ్గింది కదా" అని నవ్వాడు. తర్వాత కొంచెం మెత్తగా, "ఆ వయసు పిల్లలు ఇట్టే తగ్గుతారు, ఇట్టే పెరుగుతారు. చచ్చిపోయే సీను ఏప్రిల్ రెండున పెట్టాను. ఆ తర్వాత కావలసినంత తిననివ్వండి. మీరు బట్టల సంగతి చూసుకోండి మేడమ్, మనిషి సంగతి నేను చూసుకుంటాను."

సరేనని వచ్చేశాను. వచ్చేశాక గుర్తొచ్చింది. ఈ నవల మీదే ఎం.ఏ.లో వ్యాసం రాశాను. ఇంటిల్లిపాదీ ఆమెను రోజూ చూస్తూ ఉంటారు, మూడు వందల పేజీలపాటు ఎవరికీ ఏమీ కనపడదు. ఇది నమ్మశక్యంగా లేదు, రచనలో లోపం అని రాశాను. మంచి మార్కులే వేశారు.

మార్చి 17

మా ఆయనకి చెప్పాను. నా భర్త ముక్తసరి మనిషి. కూరగాయలు తరుగుతూ విన్నాడు.

"వాళ్ళమ్మకి చెప్పెయ్."

"తప్పయితే?"

"తప్పయితే సంతోషం."

"నేను చూసింది బట్టల్ని. మనిషిని డాక్టర్ కదా చూడాలి."

"మరి డాక్టర్‌కి చెప్పు."

"అంత తేలిగ్గా చెబుతావేం? ముత్యాల గుండీల సంగతి మరిచిపోయావా?"

ఆయన కత్తి ఆపాడు. మరిచిపోలేదు. పదకొండేళ్ళ కిందట ఒక సినిమాలో ముత్యాల గుండీలు పోయాయి. కుట్టుపని చేసే ఒకామె మీద అనుమానపడి నలుగురిలో అడిగాను. ఆమె ఏమీ మాట్లాడకుండా కత్తెర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు గుండీలు నా సంచిలోనే దొరికాయి. ఆమె మళ్ళీ ఏ స్టూడియోలోనూ కనపడలేదు. అప్పటినుంచీ నా కళ్ళకి ఏదైనా కనిపిస్తే ముందు నా కళ్ళనే అనుమానిస్తాను.

"అప్పుడు ఉన్నదాన్ని పోయిందన్నావు" అన్నాడు ఆయన. "ఇప్పుడు పోతున్నదాన్ని ఉందంటున్నావు."

కోపం వచ్చి లేచి వచ్చేశాను.

మొదటి ట్రయల్ రోజున గుడ్డ గురించి నేనేదో అన్నాను. ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. గుడ్డ గురించే అన్నాను, మనిషి గురించి కాదు.

మార్చి 18

ఇవాళ సెలవు. సెలవు రోజున ఎవరైనా కడుపునిండా తిని పడుకుంటారు.

మార్చి 19

ఆమె గదిలోకి నేను వెళ్ళింది శాలువా కోసం. ఇంకేమీ వెతకడానికి కాదు.

శాలువా కుర్చీ మీద ఉంది. దాని పక్కన నవల. నేనిచ్చిన నా పాత కాపీయే, మార్జిన్లలో నా చేతిరాతతో. మధ్యలోంచి ఒక కాగితం కొస బయటికి వచ్చి ఉంది. పేజీ గుర్తు అనుకున్నాను. లాగాను.

జనవరిలో నేను కత్తిరించిన పట్టీ.

నేను పెట్టిన గాటు ఒకటి. దానికి లోపలగా ఇంకో గాటు. దానికి లోపలగా ఇంకోటి. ఇంకోటి. గోళ్ళు కత్తిరించుకునే చిన్న కత్తెరతో అయ్యుంటుంది, సన్నగా, శుభ్రంగా ఉన్నాయి. దువ్వెన పళ్ళలా వరసగా లోపలికి నడుచుకుంటూ వెళ్ళాయి. రోజుకొకటి. లెక్కపెట్టబోయి సగంలో ఆపేశాను. చివరి గాట్ల దగ్గర కాగితం నలిగి చిరిగేలా ఉంటే వెనక పారదర్శకమైన టేపు అంటించుకుంది. ఎంత జాగ్రత్త! నా శిష్యులెవరికీ లేదు అంత జాగ్రత్త.

మొదటి గాటుకి అర అంగుళం లోపల ఒక పెన్సిల్ చుక్క ఉంది.

అది ఆమె పెట్టింది కాదు. నా చుక్క. నేను చుక్క పెట్టాక చిన్న తోక లాగుతాను, ఇరవై ఏళ్ళ అలవాటు. తోక ఉంది.

ఇప్పుడు రాస్తాను. ఆ రోజు ఆమె ట్రయల్ గౌనులో అద్దం ముందు నిలబడింది. ఉన్ని నడుం దగ్గర చిన్న ముడత పడింది. కటింగ్‌లో లోపం, నా లోపం. ప్లీట్ల మడతలు రెండు విప్పి మళ్ళీ కుడితే పోయేది. నేను పెన్సిల్ తీసి, ఆ పట్టీ మీద చుక్క పెట్టి, "ఇదిగో, నడుం ఇక్కడికుంటేనా, ఈ గుడ్డ పడే తీరే వేరు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆమె కూడా నవ్వింది. పట్టీ నాకిచ్చేయరూ అని అడిగింది.

గుడ్డ గురించి ఏదో అన్నాను అని ఈ డైరీలోనే రెండుసార్లు రాశాను. గుర్తులేదని కూడా రాశాను.

గాట్లు చుక్క దాటి పోయాయి. చుక్క ఎక్కడో వెనక, మొదట్లో, ఊరి బయట రాయిలా ఉండిపోయింది.

పట్టీ నా దగ్గరే ఉంది. తిరిగి పెట్టడానికి చేతులు ఆడలేదు.

మార్చి 20

ఆమె వెతుక్కుంటుందని తెలుసు. మధ్యాహ్నం కాస్ట్యూమ్ గదిలోకి వచ్చి తలుపు వేసింది. మాస్టర్ బయటికి వెళ్ళాడు, తనంతట తానే.

"అక్కా, నా పుస్తకంలో ఒక కాగితం ఉండాలి."

చూపించాను. ఆమె చెయ్యి చాచింది. నేనివ్వలేదు.

"ఏంటమ్మా ఇది?"

"పాత్ర కోసం."

"పాత్ర కోసం నేను మూడు గౌన్లు కుట్టాను కదా. నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేదు కదా."

"మీరు పెట్టిన చుక్క దగ్గరికి ఫిబ్రవరిలోనే వచ్చేశానక్కా" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. అదే భరించలేకపోయాను. "మీకు చూపిద్దామనుకున్నాను. మీరే చూస్తారు, మీ కళ్ళకి కనపడనిది ఉండదు అంటారు కదా అందరూ, అనుకున్నాను. రోజూ వెనక తాళ్ళు లాగేది మీరే కదా. మీరేమీ అనలేదు. సరిపోలేదేమో అనుకున్నాను."

నేను పట్టీని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"తర్వాత తర్వాత..." ఆమె కిటికీ వైపు చూసింది. "తర్వాత ఆపుదామన్నా రావట్లేదక్కా. అన్నం చూస్తే భయమేస్తోంది. ఏదో పెద్ద జంతువుని చూసినట్టు."

"డాక్టర్ దగ్గరికి వెళదాం. ఇప్పుడే."

"వద్దు! చెబితే తీసేస్తారు. ఈ పాత్ర పోతే నాకింక ఏముందక్కా? ఇంకా పదమూడు రోజులే. రెండో తారీకు అయిపోగానే నేనే వెళతాను. ఒట్టు. మీరూ మాటివ్వండి."

నా చెయ్యి పట్టుకుంది. ఎముకలన్నీ తెలిశాయి.

మార్చి 21

మాటిచ్చాను.

ఇంకా పన్నెండు రోజులు. పన్నెండు రోజుల్లో ఏమైపోతుంది?

మార్చి 22

పొద్దున ఏడున్నర. తాళ్ళు బిగించడానికి ఆమె వెనక నిలబడ్డాను. సరిచేయడానికి అరచెయ్యి వీపు మీద పెట్టాను. రోజూ పెడతాను. ఇవాళ చేతి కింద గుండె తెలిసింది. కొట్టుకుంది. తర్వాత కొట్టుకోలేదు. నేను ఎదురుచూశాను. మా ఇంట్లో గోడ గడియారం ఆగబోయే ముందు ఇలాగే చేసేది. మళ్ళీ కొట్టుకుంది, పొరపాటున గుర్తొచ్చినట్టు.

"బిగించండక్కా, టైమవుతోంది."

అద్దంలో ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. మేకప్ ఇంకా వేయలేదు.

నేను బిగించలేదు. జేబులోని కత్తెర తీసి పైనుంచి కిందిదాకా తాళ్ళు కోసేశాను. టప్ టప్ మని తెగాయి. ఆమె కెవ్వుమంది. "మాటిచ్చారు! మాటిచ్చారు మీరు!"

చెబితే డైరెక్టర్ ఏమంటాడో నాకు తెలుసు. ఈ ఒక్క షాట్ అంటాడు. ఆ తర్వాత ఇంకొకటి. నేను సరే అంటాను. అదీ తెలుసు. నా మీద నాకు నమ్మకం లేదని మొదటి రోజే రాసుకున్నాను. అందుకే హ్యాంగర్ మీంచి ఒకటో నంబరు దింపి బల్ల మీద పరిచాను. చిన్న కత్తెర ఉన్నిలో ఇరుక్కుపోయింది.

"అది కాదమ్మా" అన్నాడు మాస్టర్. ఎప్పుడు వచ్చాడో తలుపు దగ్గర ఉన్నాడు. గోడకున్న పెద్ద కత్తెర తీసి పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు. "ఉన్నికి ఇది కావాలి."

ఒకటి నడుం దగ్గర అడ్డంగా. రెండు. మూడు. మూడోది ఆయన పట్టుకున్నాడు, నేను కోశాను. నేత వేయించి, రంగు వేయించి, మళ్ళీ కుట్టాలంటే నెల పడుతుంది. గౌను లేనిదే ఏ సీనూ లేదు.

తర్వాత వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. "తినడం లేదండీ" అన్నాను. "జనవరి నుంచి తినడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను."

డైరెక్టర్ వచ్చి బల్ల మీది ముక్కల్ని చూశాడు. ఇవాళ కూడా అరవలేదు. "మీకు మతి గానీ పోయిందా మేడమ్?" అన్నాడు నెమ్మదిగా. పోయిందేమో. అమ్మాయిని నా శాలువాలో చుట్టి కారెక్కించాను. దారంతా నావైపు చూడలేదు. నేను ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, వీపు మీదినుంచి రెండో చెయ్యి తీయలేదు. గుండె ఆగిన ప్రతి సందులోనూ లెక్కపెట్టాను.

మార్చి 23

ఐ.సి.యు. బయట కుర్చీలు. డాక్టరమ్మ నా కంటే చిన్నది. "గుండె బాగా నీరసించింది. వెంటనే తిండి పెట్టేసినా ప్రమాదమే. చుక్క చుక్కగా ఎక్కించాలి. ఈ వారం గడిస్తే చెబుతాను" అంది. "ఇంకో పది రోజులు ఆగి ఉంటే..." అని ఆపేసింది. ఎవరో పిలిచారు, వెళ్ళిపోయింది.

వాళ్ళమ్మ వచ్చింది. నా వయసే. ప్రయాణం బట్టల్లోనే ఉంది, చేతిలో పెద్ద క్యారియర్. ఇంటినుంచి వండుకుని తెచ్చినట్టుంది. అది ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నేనెవరో చెప్పగానే, "తింటోందండీ అన్నారు" అంది.

అంతే. అరిచినా బాగుండేది.

మార్చి 25

ఇవాళ కూడా లోపలికి రానివ్వలేదు. నేను రావద్దని అమ్మాయే చెప్పిందట.

మార్చి 27

మాస్టర్ ఇంటికి వచ్చాడు. నన్ను తీసేశారు, అది నాకు ఆశ్చర్యం కాదు. చివరి సీను వేరే అమ్మాయితో, ముఖం చూపించకుండా, దుప్పటి కప్పి తీస్తారట.

"కొత్తమ్మాయికి బజారు ఉన్నితో గౌను కుట్టమన్నారు, దుప్పటి కింద తేడా తెలీదట. ట్రయల్‌లో ముడత పడింది" అన్నాడు.

"ఏం చేశారు?"

"ప్లీట్లు విప్పి మళ్ళీ కుట్టాను. ఇంకేం చేస్తామమ్మా?"

ఆయనకి ఆ చుక్క సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు.

మార్చి 29

వారం గడిచింది. డాక్టరమ్మ ఏమందో వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది. "ప్రస్తుతానికి" అనే మాట నాలుగుసార్లు వచ్చింది.

ఏప్రిల్ 2

ఇవాళ ఆమె చచ్చిపోవలసిన రోజు, కాల్ షీటు ప్రకారం. పొద్దున్నుంచీ ఫోన్ చేతిలోంచి వదల్లేదు.

రెండుసార్లు మోగింది. ఒకసారి కొరియర్. ఒకసారి మా ఆయన, పాలు తేవాలా అని.

ఏప్రిల్ 6

రమ్మన్నారు.

గది నిండా ఎండ. ఆమె మంచం మీద ఆనుకుని కూర్చుంది. ఆసుపత్రి గౌను, ముందు వైపు నాడాలు, అందరికీ ఒకే సైజు. చూడగానే భుజం దగ్గర ఎంత కుదించి కుట్టాలో నా చేతులు వాటంతటవే అనుకున్నాయి. వాటిని వెనక్కి కట్టుకున్నాను. వాళ్ళమ్మ కాఫీ తాగి వస్తానని లేచి వెళ్ళింది. పక్కనున్న పళ్ళెంలో సగం అరటిపండు ఉంది. ఆ సగం తిన్నదో, జేబులో పెట్టిందో నాకు తెలియదు. ఈ గౌనుకి జేబు లేదు. తలగడ కింద చూడాలనిపించింది. చూడలేదు.

"మీరు మాటిచ్చారు" అంది.

"ఇచ్చాను."

"నా సీను వేరే ఆవిడ చేసేసింది."

"తెలుసు."

"మీ మీద నాకు కోపం పోదక్కా."

"పోనవసరం లేదు."

గోడ వైపు చూస్తూ, "పట్టీ ఏదక్కా?" అని అడిగింది. నీళ్ళు అడిగినట్టు అడిగింది. ఇంకా లోపలే ఉంది ఆ జబ్బు, ఎక్కడికీ పోలేదు.

"పారేశాను" అన్నాను.

పట్టీ ఈ డైరీలోనే ఉంది, మార్చి పంతొమ్మిది దగ్గర. పారేయాలి. నా చుక్క ఉందని పారేయలేకపోతున్నాను.

ఆమె చెయ్యి దుప్పటి మీద ఉంది. పట్టుకున్నాను. మణికట్టు చుట్టూ నా బొటనవేలూ మధ్యవేలూ కలిశాయి. కలిసి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, గోరు దాటి, మొదటి కణుపు దగ్గర ఆగాయి. కారులో పట్టుకున్నప్పుడు రెండో కణుపు దాకా వెళ్ళాయి. అవునా? వెళ్ళాయనే గుర్తు.

"కొలుస్తున్నారు కదూ" అంది, ఇటు తిరగకుండానే.

లేదు అని నాలుక చివరి దాకా వచ్చింది.

"ఊఁ."

"ఎంతుంది?"

"చెప్పను."

ఏడుస్తుందనుకున్నాను, లాక్కుంటుందనుకున్నాను. కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం తీసుకోలేదు.

ఒక కణుపు తేడా, కాస్త ఒళ్ళు వచ్చినట్టే. నేను వదులుగా పట్టుకున్నానేమో. రేపు మళ్ళీ పట్టుకోవాలి.